‘టేక్ ద బిట్ బిట్వీన్ ద టీత్’ అన్నది మెచ్చుకోలా, ఆక్షేపణా?

ప్రశ్న:
ఒక ఆంగ్ల వ్యాసాన్ని తెనిగిస్తూ ‘ద కమిటీ టుక్ ద బిట్ బిట్వీన్ ఇట్స్ టీత్’ అన్న వాక్యం దగ్గర ఆగిపోయాను. ఒక నిఘంటువు దీనికి ‘పట్టుదలగా పనికి పూనుకోవడం’ అని అర్థం చెబుతుంటే, మరొకటి ‘ఎవరి అదుపుకూ లొంగకపోవడం’ అంటోంది. నేను ఏది తీసుకోవాలి? ‘చాంపింగ్ ఎట్ ద బిట్’ అన్నా ఇదేనా?

జవాబు 1:
ఇక్కడ ‘బిట్’ అంటే ముక్క కాదండీ. కళ్లెంలో గుర్రం నోటికి అడ్డంగా ఉండే లోహపు కడ్డీ. గుర్రానికి ముందరి కొరుకుడు పళ్లకూ వెనక దవడ పళ్లకూ నడుమ పళ్లు లేని చోటు ఉంటుంది. కడ్డీ అక్కడే, నాలుక మీదుగా అమరుతుంది కనుక రౌతు వాగెలు లాగగానే ఆ ఒత్తిడి నాలుకకూ చిగుళ్లకూ తగిలి గుర్రం నెమ్మదిస్తుంది. అదే గుర్రం కడ్డీని దవడ పళ్ల మధ్యకు జరుపుకొని కరిచిపట్టిందంటే, రౌతు ఎంత లాగినా ఆ బలం పళ్ల దగ్గరే ఆగిపోతుంది. ఇక గుర్రం తనకు తోచిన దిక్కుకు పరుగు తీస్తుంది.

ఈ పోలిక చాలా పాతది. ఎస్కిలస్ రాసినట్టు చెప్పే ‘ప్రొమీథియస్ బౌండ్’ అన్న గ్రీకు నాటకంలో, దేవతల రాజు జ్యూస్‌కు తల వంచని ప్రొమీథియస్‌ను ఆ రాజు దూత హెర్మీస్ మందలిస్తూ, కొత్తగా కాడి కట్టిన గుర్రప్పిల్ల కళ్లేన్ని కరిచి పెనుగులాడినట్టు ఉన్నావంటాడు. అది అదుపు చేయాలనుకునే వారి ఫిర్యాదు. పరుగు తీసే వారి పక్షాన నిలబడి చూస్తే అదే పని పట్టుదల అవుతుంది. ఇప్పటి బ్రిటిష్ వాడుకలో ఈ పట్టుదల అన్న అర్థం బాగా కనిపిస్తుంది. కాబట్టి మీ వ్యాసంలో కమిటీ పగ్గాలు ఎవరి చేతిలో ఉన్నాయో, రచయిత ఎవరి పక్షాన ఉన్నారో ముందు చూడండి.

జవాబు 2:
‘చాంపింగ్ ఎట్ ద బిట్’ వేరు. అందులో గుర్రం ఇంకా కదలలేదు. కదలనివ్వడం లేదన్న అసహనంతో కడ్డీని చప్పుడయ్యేలా నములుతోంది. ‘తహతహలాడటం’, ‘ఉవ్విళ్లూరడం’ సరిపోతాయి. ‘కాలు దువ్వడం’ అని మాత్రం రాయకండి, అది కయ్యానికి సిద్ధపడటమవుతుంది.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. ఒక్క శాఖ ఖర్చులనే పరిశీలించమని కమిటీకి అప్పగిస్తే, అది మిగతా శాఖల అధికారులనూ పిలిచి ప్రశ్నించిందని తరువాతి వాక్యంలో ఉంది. అయితే రచయిత దాన్ని తప్పుపట్టడం లేదు, పైగా హర్షిస్తున్నారు.

జవాబు 1:
అలాగైతే ‘పగ్గాలు తెంచుకుంది’ అంటే నింద పాలు ఎక్కువవుతుంది. ‘నడుం బిగించింది’ అంటే హద్దు దాటిన సంగతి చెప్పినట్టు కాదు. ‘గీసిన గీతను లెక్కచేయకుండా, పట్టిన పట్టు విడవకుండా కమిటీ ముందుకు సాగింది’ అని రాయండి. కాస్త పొడవైనా రెండర్థాలూ నిలుస్తాయి.