ముండ్లమూరు అదుర్లు: మన కింద పలక మునుగుతోందా?

సాగర్ కాలువ: 2024 డిసెంబరు 21 నుంచి వరసగా మూడు రోజులు ముండ్లమూరు, తాళ్లూరు వైపు భూమి అదిరింది. సుమత్రా దగ్గర మాదిరి మన కిందా భూమి పైపెంకు పలక (టెక్టానిక్ ప్లేట్) లోపలికి మునుగుతోందని నా అనుమానం. మా బోరు వెయ్యి అడుగులు, నీళ్లు గోరువెచ్చగా వస్తాయి. కింద వేడి లేకుండానే వస్తాయా?

కావలి మాస్టారు: అబ్బాయ్, వెయ్యి అడుగులంటే 300 మీటర్లు. కిలోమీటరు దిగితే మామూలుగా 25–30 డిగ్రీలు పెరుగుతుంది. ఆ లెక్కన నీ బోరుకి ఎనిమిదో తొమ్మిదో డిగ్రీలు. మ్యాంటిల్, అంటే పైపెంకు కింది వేడి రాతి పొర, ఇంకా పదుల కిలోమీటర్ల కింద ఉంది. అసలు మునిగే పలక వేడిది కాదు, చల్లనిది. చుట్టూ ఉన్న రాయికన్నా వందల డిగ్రీలు చల్లగా ఉండబట్టే బరువుగా ఉండి దిగుతుంది. రాయికి వేడెక్కడం మహా నిదానం. కోట్ల ఏళ్లు దిగినా లోపలి చల్లదనం పూర్తిగా పోదు. భూకంప తరంగాలు చల్లని రాతిలో వేగంగా పోతాయి కాబట్టి ఆ సంగతి పట్టుకున్నారు.

సాగర్ కాలువ: చల్లనిదైతే సుమత్రాలో అగ్నిపర్వతాలెందుకు?

బకింగ్‌హాం పడవ: మాస్టారు దొరికాడు 😀

కావలి మాస్టారు: దొరకలేదులే. పలక తనతోపాటు నీళ్లని ఖనిజాల్లో పట్టుకుపోతుంది. వంద కిలోమీటర్ల లోతులో ఆ నీరు విడిపోయి పైనున్న మ్యాంటిల్‌లోకి ఎక్కితే ఆ రాయి తక్కువ వేడికే కరుగుతుంది.

కనిగిరి రాయి: ఇక్కడా ఒకప్పుడు మునిగింది. కండ్ర దగ్గరా, మా కనిగిరి దగ్గరా పాత సముద్రపు నేల తునకలున్నాయి.

సాగర్ కాలువ: చూశారా!

కావలి మాస్టారు: వంద కోట్ల ఏళ్లకు పైమాట అది! ఇప్పటి అదుర్లు పలక నడిమధ్య, పాత పగుళ్ల మీద వచ్చేవి. 1967 మార్చి 27న ఒంగోలుకి వచ్చిందీ ఆ బాపతే.

సాగర్ కాలువ: మీకు 1967 కావాలి, నా గోడ అక్కర్లేదు. దేవుడి గది గోడ మూరెడు పొడవున బీట ఇచ్చింది. చూడొచ్చినాయన ‘ఇంత చిన్న అదురుకి గోడ పగలదు, నువ్వు సిమెంటు తక్కువేశావు’ అని పోయాడు. ఇంటి అప్పు ఇంకా తీరలా. కింద పెద్దదేదో జరుగుతోందని తేలితే తప్పు నాది కాదని అయినా తేలుద్ది.

బకింగ్‌హాం పడవ: ఇదన్నా అసలు సంగతి.

కావలి మాస్టారు: ముందే చెప్పాల్సింది. పలక మాట ఎత్తితే నీకే నష్టం. మునిగిన పలక 600 కిలోమీటర్ల లోతులో అదిరితే ఇంత చిన్నది పైకి తెలియను కూడా తెలియదు. పైపైన జరిగిందంటేనే నీ మాటకు బలం. సన్నబీటలు రావచ్చు. మూరెడంటే మాత్రం...

సాగర్ కాలువ: అంటే మీరూ సిమెంటే అంటున్నారు.