హెవెన్‌ఫీల్డ్‌లో కాడ్వాలన్ గెలిచి ఉంటే?

తనయ_ఒడ్డు (పర్లాకిమిడి):
633లో గ్వినెడ్ (వేల్స్‌లోని రాజ్యం) రాజు కాడ్వాలన్, మెర్సియా (మధ్య ఇంగ్లండ్) నాయకుడు పెండాతో చేతులు కలిపి నార్తంబ్రియా (ఉత్తర ఇంగ్లండ్) రాజు ఎడ్విన్‌ను హాట్‌ఫీల్డ్ చేజ్ దగ్గర చంపేశాడు కదా. రాజ్యం రెండు ముక్కలైంది. ఆ ముక్కలకు రాజులైన ఆస్రిక్, ఈన్‌ఫ్రిత్ ఇద్దరినీ ఏడాది తిరక్కుండా లేపేశాడు, ఈన్‌ఫ్రిత్ అయితే 12 మందిని వెంటేసుకుని సంధి మాట్లాడదామని వచ్చినవాడే పాపం. ఇంత ఊపు మీదున్నవాడు 634లో హెవెన్‌ఫీల్డ్ దగ్గర ఈన్‌ఫ్రిత్ తమ్ముడు ఆస్వాల్డ్ చిన్న సైన్యం చేతిలో పోయాడు. పోకపోతే? మా బజార్లో తెలుగూ ఒడియా కలిసి నడిచినట్టు అక్కడా వెల్ష్, ఇంగ్లీషు రెండు భాషలూ నిలిచేవా?

రాయగడ_శీను:
భాష తర్వాత తమ్ముడూ, ముందు సైన్యం తిండి సంగతి చూడు. కాడ్వాలన్ సొంత గడ్డ వేల్స్ వాయవ్యాన ఆంగ్లసీ దీవి వైపు, హెవెన్‌ఫీల్డ్ ఏమో ఎక్కడో ఉత్తరాన రోమన్లు కట్టిన హేడ్రియన్ గోడ పక్కన. ఏడాదిపాటు ఊళ్లు దోచుకుని బతికాడే గానీ అక్కడి పెద్దల్ని తనవైపు తిప్పుకున్నట్టు కనిపించదు. ఆడవాళ్లనీ పిల్లల్నీ కూడా వదల్లేదని బీడ్ రాశాడు. ఆయన నార్తంబ్రియా సన్యాసి, పైగా దాదాపు వందేళ్ల తర్వాత రాసినవాడు, కాబట్టి సగం తగ్గించుకునే చదువు. అయినా ఆస్వాల్డ్ పోతే తమ్ముడు ఆస్వియు వచ్చేవాడు.

గుణుపురం_అక్క:
నన్నడిగితే అసలు మలుపు 655, ఆస్వియుకీ పెండాకీ జరిగిన విన్‌వేడ్ యుద్ధం. పెండా వెంట 30 మంది నాయకుల బలగం, అందులో గ్వినెడ్ రాజు కాడవాయిల్ ఒకడు. రేపు యుద్ధమనగా రాత్రికి రాత్రే తన మనుషుల్ని తీసుకుని చల్లగా జారుకున్నాడు! తెల్లారాక వానలకు ఏరు పొంగి, కత్తికి తెగినవాళ్లకన్నా పారిపోతూ మునిగినవాళ్లే ఎక్కువయ్యారు. పెండా తలే పోయింది. ఇక బజారు మాటంటావా, మన దగ్గర 1936లో ఒడిశా వేరుపడి రాష్ట్రాల గీత కాగితం మీద పడింది, జనం ఎక్కడివాళ్లక్కడే ఉన్నారు. అక్కడా రాజు మారగానే రైతు మాట మారిపోలేదు, స్కాట్లండ్ నైరుతిలోని స్ట్రాత్‌క్లైడ్‌లో వెల్ష్‌కి దగ్గరి భాష ఇంకా కొన్ని శతాబ్దాలు బతికింది.

తనయ_ఒడ్డు:
కాడవాయిల్ నిలబడినా లాభం పెండాకే కదక్కా? 633లో ముందు నడిచింది కాడ్వాలన్, 655 నాటికి గ్వినెడ్ వెనక నడిచే రాజ్యమైపోయింది. అందుకే నా ఓటు 634కే. ఆస్వాల్డ్‌ను 642లో పెండా చంపాడు, కాడ్వాలన్ బతికుంటే ఆ పోరు ఈ పాత దోస్తులిద్దరి మధ్యే వచ్చేది. శీనన్నా, అప్పుడు నీ పందెం ఎవరి మీద?