"తాను దినక"నా, "తాను లేక"నా?

చీపురుపల్లి కోడలు: మా అత్తగారి ట్రంకు పెట్టె సర్దుతున్నాం. పాత శుభలేఖలు, మూతల్లేని హార్లిక్స్ సీసాలు, మా ఆయన చిన్నప్పటి పలక చెక్క. ఒక్కటీ పారేయనివ్వరు. పెట్టె తెరిచినప్పుడల్లా మామగారు వేమన పద్యం ఎత్తుకుంటారు. "ధనము కూడబెట్టి..." బాగానే వస్తుంది, "తేనెటీగ గూర్చి తెరువరి కియ్యదా" కూడా వస్తుంది. రెండో పాదం దగ్గరే తడబడతారు. "తాను ఏదో లెస్స దాచు"... ఆ ఏదో ఏమిటండీ?

బొబ్బిలి పంతులు: "తాను దినక లెస్స దాచుకొనగ". ఇందులో అనుమానం ఏముందమ్మా?

పాలకొండ రోడ్డు: మా మాస్టారు చెప్పింది "తాను లేక లెస్స దాచుగాక". మొదటి పాదం చివర కూడా "దానంబు సేయక" కాదు, "ధర్మంబు సేయక".

బొబ్బిలి పంతులు: "తాను లేక" అంటే? చచ్చాక దాస్తాడా?

పాలకొండ రోడ్డు: పంతులు గారూ, "లేక అడుగుతున్నాను బాబూ" అంటే మీకు తెలీదా? ఉండి కూడా లేనివాడిలా బతకడం. తినకపోవడం అందులో ఒక్క ముక్క. బట్ట, మందు, పండగ, అన్నీ మానుకున్నవాడు వాడు. మీ పాఠంలో వాడు అన్నం ఒక్కటే మానేశాడు.

గంట్యాడ ఛందస్సు: ఈ పద్యం ఆటవెలది. రెండో పాదంలో అయిదూ సూర్యగణాలే, అంటే ఒక్కోటి గలమో (గురువు, లఘువు) నగణమో (మూడు లఘువులు). తాను, దినక, లెస్స, దాచు, కొనగ: గలం, నగణం, గలం, గలం, నగణం. తాను, లేక, లెస్స, దాచు, గాక: అయిదూ గలాలు. యతి, అంటే పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో పొత్తు, రెండింటిలోనూ తా-దా. కాబట్టి ఛందస్సు తీర్పు ఇవ్వదు. నా చెవి మాత్రం "దినక" వైపే. వరసగా అయిదు గలాలంటే రోకటి పోటులా ఉంటుంది.

పాలకొండ రోడ్డు: పిసినారి గురించి చెప్పేటప్పుడు రోకటి పోటే ఉండాలి.

రాజాం అల్లుడు: అసలు "తేనెటీగ" కాదండి, "తేనెనీగ". తేనెటీగ వాడుక మాట, తర్వాత ఎవరో దిద్దారు.

బొబ్బిలి పంతులు: తేనెటీగలో టుగాగమం, అదే మధ్యలో "ట్" వచ్చి చేరడం, ఉంది బాబూ, వ్యాకరణం ఒప్పుకున్న మాటే.

గంట్యాడ ఛందస్సు: వ్యాకరణం రాసిన చిన్నయసూరి టుగాగమం కర్మధారయంలో, అంటే విశేషణం కలిసిన సమాసంలో, ఉత్తుకి (చివరి ఉకారానికి) చెప్పాడు. కరకుటమ్ము అంటే సరే. తేనె చివర ఉత్తు ఎక్కడుంది? పైగా తేనె ఈగకి విశేషణమా?

రాజాం అల్లుడు: అదే కదా నేనన్నది.

గంట్యాడ ఛందస్సు: మీరన్నది అది కాదు. తేనెనీగ కూడా గణాలకి సరిపోతుంది, అంతవరకే.

శ్రీకాకుళం పాత పేటలు: ఈగ సంగతి వదిలి తెరువరిని చూడండి. ఈగ ఇవ్వదు, దారిన పోయేవాడు పట్టు పిండుకుపోతాడు. "ఇయ్యదా" అన్నది ఎత్తిపొడుపు. సుమతీ శతకం సూటిగానే చెప్పింది, "కానల నీగలు గూర్చిన తేనియ యొరుఁజేరునట్లు" అని. అయితే తెరువరి కోసమే కూర్చినవాళ్లు మన జిల్లాలో ఉన్నారు. కథలు రాసిన కారా మాస్టారు (కాళీపట్నం రామారావు) తనకొచ్చిన పురస్కారాల సొమ్ము పెట్టి 1997 ఫిబ్రవరి 22న శ్రీకాకుళంలో కథానిలయం అనే కథల గ్రంథాలయం తెరిచారు. పాత పత్రికలు, కథల పుస్తకాలు ఊరూరా అడిగి తెచ్చి పేర్చారు. ఆ బీరువాల ముందు నిలబడితే వేమన పద్యం ఎటు తిరగాలో తెలీదు.

విజయనగరం కోట వీధి: "సొంతలాభం కొంత మానుకు పొరుగువాడికి తోడుపడవోయ్". గురజాడ ఎప్పుడో చెప్పేశాడు.

గంట్యాడ ఛందస్సు: ఆటవెలదిలో అడిగితే ముత్యాలసరంలో జవాబిచ్చారు. విజయనగరం వాళ్లకి ఏ ప్రశ్నకైనా జవాబు గురజాడే.

విజయనగరం కోట వీధి: మరేటి, తప్పా?

పాలకొండ రోడ్డు: కూర్చడం అంటే గిడుగు. మన కొండల్లోని సవర గిరిజనుణ్ణి ఇంట్లో పెట్టుకుని మాట మాటా, పాట పాటా రాసుకున్నాడు. లిపి లేని భాష, ఆయన రాయకపోతే ఏ ట్రంకు పెట్టెలో దొరికేది?

చీపురుపల్లి కోడలు: అందరికీ దండాలు. మధ్యలో ఒకటి చెప్పాలి. ఆ శుభలేఖలు తిరగేసి చూస్తే వెనకాల పెన్సిలుతో "స్టీలు గిన్నె", "11 రూ.", "చీర, జాకెట్టు ముక్క" అని ఉంది. వాళ్ళు మనకి చదివించినవట. వాళ్లింట్లో పెళ్లికి తక్కువ చదివించకూడదు కదా అంటారు అత్తయ్య. అందులో సగం మంది ఇప్పుడు లేరు.

శ్రీకాకుళం పాత పేటలు: అమ్మా, అది కూడబెట్టడం కాదు, ఖాతా పుస్తకం. మామగారిని ఆ పద్యం మానమనండి.

బొబ్బిలి పంతులు: మానక్కర్లేదు, సరిగ్గా చదివితే చాలు. "దినక".

పాలకొండ రోడ్డు: "లేక".

రాజాం అల్లుడు: సి.పి. బ్రౌను అచ్చు వేసిన వేమన పద్యాలు చూస్తే తేలిపోతుందిగా. 1829లో ఒకసారి, 1839లో ఒకసారి వేశాడు. తాటాకు ప్రతులు పోగేసి పక్కపక్కన పెట్టి చూసినవాడు.

గంట్యాడ ఛందస్సు: అన్ని ప్రతులు చూశాడు కాబట్టే ఏది వేమనదో ఇంకా తేలలేదు. పోనీ, 1839 ముద్రణ ఎవరి దగ్గరైనా ఉందా?

బొబ్బిలి పంతులు: నా దగ్గర జిరాక్సు ఉంది.

పాలకొండ రోడ్డు: ఫోటో తీసి పెట్టండి మరి.

బొబ్బిలి పంతులు: ఇంటికొచ్చి చూసుకోండి. పుస్తకం మా గడప దాటదు. ఆదివారం పదింటి తర్వాత రండి.

పాలకొండ రోడ్డు: ఆదివారం మా మేనకోడలి నిశ్చితార్థం. శనివారం ఉంటారా?