ఫోన్ పాస్‌కోడ్ చెప్పమని నిందితుణ్ణి బలవంతం చేయవచ్చా?

నీలిపెన్

వేలు పెట్టించి ఫోన్ తెరిపిస్తే పర్వాలేదు, పాస్‌కోడ్ చెప్పించడం మాత్రం తప్పు అనే వాదన చాలాసార్లు విన్నాను. నాకు మింగుడుపడటం లేదు. వేలిముద్రలు, చేతిరాత నమూనాలు ఇవ్వడం తనకు వ్యతిరేకంగా తాను సాక్ష్యం చెప్పుకోవడం కిందికి రాదని 1961లో కథీ కాలూ ఓఘడ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అప్పుడు వేలిముద్ర తీసుకునేది పోల్చి చూసుకోవడానికి. ఇప్పుడు అదే వేలు పదేళ్ల ఉత్తరాలు, ఫొటోలు, డాక్టరు రిపోర్టులు దాచుకున్న బీరువాకి తాళంచెవి. 2010లో సెల్వి కేసులో ఇష్టం లేకుండా నార్కో పరీక్ష చేయకూడదన్నారు కదా, నా లెక్కలో ఇదీ అంతే. వేలైనా, పాస్‌కోడ్ అయినా బలవంతం కూడదు.

హెక్స్‌డంప్

నేను ఫోరెన్సిక్ ల్యాబ్‌లో పని చేస్తాను. పాస్‌కోడ్ లేకపోయినా ల్యాబ్ వాళ్లు ఎలాగోలా తెరుస్తారులే అని చాలామంది అనుకుంటారు. పాత హార్డ్‌డిస్క్ అయితే అందులో ఏదీ కొత్తగా రాయకుండా అడ్డుకునే రైట్ బ్లాకర్ పెట్టి, ప్రతి బిట్టూ కాపీ తీసి, హ్యాష్ (డేటాలో కాస్త మారినా మారిపోయే గుర్తింపు విలువ) సరిచూసుకుంటాం. డిలీట్ చేసిన ఫైళ్లు కూడా చాలాసార్లు దొరుకుతాయి. ఇప్పటి ఫోన్లలో చిప్ ఊడదీసి చదివినా చేతికొచ్చేది అర్థం లేని అంకెలే, ఎందుకంటే అంతా ఎన్‌క్రిప్ట్ అయి, అంటే కీ లేకుండా చదవలేని రూపంలో ఉంటుంది. రీస్టార్ట్ అయ్యాక ఒక్కసారైనా పాస్‌కోడ్ కొడితే తప్ప ఎక్కువ డేటా తెరుచుకోదు, అప్పటిదాకా వేలిముద్ర కూడా పనికిరాదు. ఆరంకెల కోడ్‌కి అవకాశాలు 10 లక్షలే, కానీ తప్పు కొట్టే కొద్దీ ఫోన్ ఎక్కువసేపు ఆపేస్తుంది.

ఫొటోలు చూపించి బెదిరించి డబ్బు గుంజినవాడి ఫోన్ టేబుల్ మీద ఉందనుకోండి. ఇంకెంతమందిని ఏడిపించాడో అందులోనే ఉంది. ఆ ఫొటోలు ఇంకెవరికి పంపాడో తెలియక టెన్షన్‌తో నిద్రపోని అమ్మాయికి ఏం చెప్పమంటారు? ఆమెకి ప్రైవసీ లేదా? బ్రిటన్‌లో 2000 నాటి రిపా (దర్యాప్తు అధికారాల) చట్టం ప్రకారం నోటీసు ఇచ్చాక పాస్‌వర్డ్ లాంటి కీ చెప్పకపోతే 2 ఏళ్ల వరకు జైలు, దేశ భద్రత, పిల్లల అసభ్య చిత్రాల కేసుల్లో 5 ఏళ్ల వరకు. నాకది న్యాయంగానే అనిపిస్తుంది.

వకాలత్

హెక్స్‌డంప్ గారూ, నిజంగా మరిచిపోయినవాడి సంగతేంటి? అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఒక మాజీ పోలీసు ఎన్‌క్రిప్ట్ చేసిన డ్రైవులు తెరవలేదని కోర్టు ధిక్కారం కింద 4 ఏళ్లకు పైగా లోపల ఉంచారు. గుర్తు లేదన్నాడు. 18 నెలలు దాటకూడదని 2020లో అప్పీలు కోర్టు తేల్చాకే బయటికొచ్చాడు. అదే దేశంలో పెన్సిల్వేనియా సుప్రీంకోర్టు 2019లో పాస్‌వర్డ్ చెప్పించకూడదంది, మరుసటి ఏడాది న్యూజెర్సీ సుప్రీంకోర్టు చెప్పించవచ్చంది. పక్కపక్క రాష్ట్రాలు.

నన్ను ఎక్కువ భయపెట్టేది తెరిచాక జరిగేది. చెక్ బౌన్స్ కేసుకి తీసుకున్న ఫోన్‌లో భార్యాభర్తల చాటింగ్ చదివే పని ఎవరికీ లేదు. మన కొత్త సాక్ష్య చట్టంలో (భారతీయ సాక్ష్య అధినియం) ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి జతచేసే 63వ సెక్షన్ సర్టిఫికెట్‌లో హ్యాష్ విలువ రాయాలి, మంచిదే. కానీ కాపీ తీశాక మారలేదని మాత్రమే హ్యాష్ చెబుతుంది. సీజ్ చేసిన రోజుకీ, ల్యాబ్‌కి చేరిన రోజుకీ మధ్య ఏం జరిగిందో దానికి తెలియదు.

హెక్స్‌డంప్

ఆ మాట ఒప్పుకుంటాను. ఆన్‌లో ఉన్న ఫోన్‌లో డేటా ఊరికే మారుతూనే ఉంటుంది, అక్కడికక్కడే హ్యాష్ తీసి పెట్టుకోవడం కుదరదు. అందుకే సిగ్నల్ అందని సంచిలో పెట్టి సీల్ వేయాలి, ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లిందో రాయాలి. సీల్ సరిగా లేని ఫోన్లు వచ్చినప్పుడు నాకూ కోపం వస్తుంది. అయినా పాస్‌కోడ్ విషయంలో నా మాట మారదు.

నీలిపెన్

ఆ అమ్మాయి ప్రశ్న నన్ను వదల్లేదు. అన్ని కేసుల్లోనూ కూడదన్న నా మొదటి మాట వెనక్కి తీసుకుంటున్నాను. బాధితులు ఉన్న నేరంలో, జడ్జి రాతపూర్వకంగా ఉత్తర్వు ఇస్తే, ఏ తేదీల మధ్య, ఏ యాప్‌లో వెతకాలో అందులో ఉంటే ఒప్పుకుంటాను. స్టేషన్‌లో కూర్చోబెట్టి "అన్‌లాక్ చెయ్" అనడానికి మాత్రం ఒప్పుకోను, వేలితో అయినా సరే. హెక్స్‌డంప్ గారూ, తేదీల హద్దు పెడితే మీ ల్యాబ్‌లో అంతవరకే తీయడం కుదురుతుందా, లేక మొత్తం కాపీ తీశాకే వడపోయాలా? నా అభిప్రాయం దాని మీదే ఆధారపడి ఉంది.