ఎనిమిదో హెన్రీ రాణి మీద నవల: ముగింపు అందరికీ తెలిసినప్పుడు ఉత్కంఠ ఎక్కణ్ణుంచి తేవాలి?

రాత్రిచదువరి:

ఇంగ్లాండ్ రాజు ఎనిమిదో హెన్రీ ఆస్థానం మీద తెలుగులో ఒక నవల మొదలుపెట్టాను. ఆరుగురు రాణుల్లో నేను తీసుకున్నది ఐదో ఆమెని, కేథరిన్ హోవర్డ్‌ని. 1540 జులై 28న పెళ్లి, 1542 ఫిబ్రవరి 13న టవర్ ఆఫ్ లండన్‌లో తల తీసేశారు. రెండో రాణి ఆన్ బొలిన్ మీద ఇప్పటికే బోలెడు నవలలు ఉన్నాయి కాబట్టి ఆ జోలికి పోలేదు.

ఇబ్బంది ఏంటంటే, మొదటి పేజీ తెరిచేసరికే పాఠకుడికి చివరి పేజీ తెలిసిపోయి ఉంటుంది. అలాంటప్పుడు టెన్షన్ ఎలా కట్టాలి? ఇప్పటిదాకా రాసిన అధ్యాయాల్లో ఆమె ఏదో కీడు శంకిస్తూ దిగులుగా తిరుగుతూ ఉంటుంది, అది నాకే విసుగ్గా ఉంది. ఇంకోటి, "రాణిగా చావడం కన్నా కల్పెపర్ భార్యగా చావడమే నాకిష్టం" అని వధ్యశిల దగ్గర అందని చెప్పే మాటతో నవల ముగిద్దామనుకుంటున్నా (కల్పెపర్ అంటే ఆమె రహస్యంగా కలిసిన రాజు కొలువుమనిషి). రాజుని ఎంత విలన్‌గా చూపించాలో కూడా తేలట్లేదు.

చరిత్రపిచ్చి:

ముందు ఆ చివరి మాట తీసేయండి. అది తర్వాత ఒక స్పానిష్ కథనంలో పుట్టింది. ఆ రోజు కళ్లారా చూసిన ఆట్‌వెల్ జాన్సన్ అనే వర్తకుడు తన అన్నదమ్ముడికి రాసిన ఉత్తరం ఉంది, అందులో ఆమె భక్తిగా ప్రాణం విడిచిందనే ఉంది తప్ప కల్పెపర్ ఊసే లేదు. పవిత్ర రోమన్ చక్రవర్తి రాయబారి షపుయీ రాసిన దాని ప్రకారం ముందు రోజు సాయంత్రం ఆమె తల నరికే మొద్దుని గదికి తెప్పించుకుని, తల ఎలా పెట్టాలో చూసుకుంది. ఈ ఒక్క సంగతి చేతిలో ఉండగా సినిమా డైలాగు ఎందుకండీ?

ఇక కీడు శంకించడం గురించి. ఆ భయం మీది, ఆమెది కాదు. 1541 వేసవిలో రాజు పరివారంతో ఉత్తరాదికి వెళ్లినప్పుడు లింకన్, పాంటిఫ్రాక్ట్, యార్క్, ఎక్కడికి వెళ్లినా ఆమె మహారాణి. రాత్రిళ్లు థామస్ కల్పెపర్‌ని దొడ్డిదారి మెట్ల మీదుగా కలుస్తోంది అంటే, పట్టుబడతాననే భయం కొంత ఉన్నా, చస్తానని అనుకుని ఉండదు. ఆమెని సంతోషంగా ఉండనివ్వండి. ఉత్కంఠ ఇంకో ఊళ్లో ఇంకో ఇంట్లో నడుస్తోంది.

జాన్ లాసెల్స్ అనే ఆయన తన చెల్లెలు మేరీతో, రాణి దగ్గర కొలువు అడగొచ్చు కదా అన్నాడట. పెళ్లికి ముందు కేథరిన్ పెరిగిన నార్ఫోక్ పెద్ద డచెస్ ఇంట్లోనే మేరీ పనిచేసింది. ఆమె ససేమిరా అంది, ఎందుకో కూడా చెప్పింది: సంగీతం మాస్టారు మానక్స్‌తో, ఆ తర్వాత ఫ్రాన్సిస్ డీరమ్‌తో కేథరిన్‌కి ఉన్న సంబంధాలు, అన్నీ. లాసెల్స్ ఆ సంగతి ఆర్చిబిషప్ క్రాన్మర్ చెవిన వేశాడు. ఎదురుగా నిలబడి చెప్పే ధైర్యం లేక క్రాన్మర్ అంతా కాగితం మీద పెట్టి, నవంబర్ 2న హాంప్టన్ కోర్టు రాజభవనంలో ప్రార్థన దగ్గర రాజుకి అందేలా చేశాడు. అంతకు ముందు రోజే రాజు ఇంత మంచి భార్యనిచ్చినందుకు దేవుడికి కృతజ్ఞతలు చెప్పించాడు. పాఠకుడికి ఆ కాగితం ప్రయాణం కనబడుతూ ఉండాలి, ఆమెకి కనబడకూడదు. అంతే.

అడ్డప్రశ్న:

పైన చెప్పింది బాగుంది కానీ అసలు డ్రామా అరెస్టు తర్వాతే ఉందని నా అభిప్రాయం. డీరమ్‌తో తనకి ముందే పెళ్లి ఒప్పందం జరిగిందని ఆమె ఒప్పుకుని ఉంటే, రాజుతో జరిగిన పెళ్లి చెల్లదని తేల్చే దారి ఉండేది. చెల్లని పెళ్లికి ద్రోహం ఏంటి? ప్రాణం దక్కి ఉండేదేమో. ఆమె మాత్రం ఒప్పందం ఏమీ లేదు, అతనే బలవంతం చేశాడు అని పట్టుబట్టింది. రాణి హోదా పోతుందనా, హోవర్డ్ వంశం పరువా, లేక అదే నిజమా? ఇక్కడ ఒక పెద్ద అధ్యాయం పడుతుంది. ఆ తర్వాత డీరమ్ తన మెడ తప్పించుకోవడానికి, నా తర్వాత ఆమె మనసులో ఉన్నది కల్పెపర్ అని పేరు బయటపెట్టాడు. దాంతో పెళ్లికి ముందు సంగతి కాస్తా రాజద్రోహం అయి కూర్చుంది. డిసెంబర్ 10న ఇద్దరు మగవాళ్లూ పోయారు.

అయినా చట్టాన్ని నమ్ముకుని ఉన్నా బతికేదని ఏం లేదులెండి. 1536లో ఆన్ బొలిన్ పెళ్లిని చెల్లదని కొట్టేసి, రెండు రోజులకి వ్యభిచారం నేరం కిందే తల తీశారు. భార్యే కానప్పుడు వ్యభిచారం ఎలా అని అడిగిన వాడు లేడు. కేథరిన్‌కైతే విచారణ కూడా లేదు, పార్లమెంటులో ఒక బిల్లు పెట్టి నేరస్తురాలని తేల్చేశారు. ఆ కథంతా మళ్లీ వింటే రాజుగారి మనసు కష్టపడుతుందని ఆయన బదులు వేరేవాళ్లు ఆమోదం చదివారు! ఆ రహస్య కలయికలకి సాయం చేసిన చెలికత్తె జేన్ రాచ్‌ఫోర్డ్‌కి జైల్లో మతి చలిస్తే, పిచ్చివాళ్లనీ చంపొచ్చని ఇంకో చట్టం చేశారు. అందుకే రాజుని అసలు చూపించకండి, గుమాస్తాలని చూపించండి. అరెస్టు తర్వాత ఆమె రాజుని మళ్లీ చూడనే లేదు. వరండాలో అరుస్తూ పరుగెత్తి ప్రార్థనా మందిరం తలుపులు బాదిందన్నది కట్టుకథ.

పుస్తకాలపురుగు:

రాజుని తీసేస్తే ఒప్పుకోను. ఆయన ముద్దు చేసే మనిషి, అదే భయం. పెళ్లినాటికి ఆయనకి 49 ఏళ్లు, కాలి మీద మానని పుండు, కొత్త భార్య మీద నగలు కురిపిస్తున్నాడు. సరిగ్గా ఆ పెళ్లిరోజే రాజు మంత్రి థామస్ క్రామ్వెల్ తల తెగింది, ఆన్ బొలిన్‌ని పడగొట్టిన క్రామ్వెల్. రాజు పెళ్లి బట్టల్లో ఎంత హాయిగా ఉన్నాడో రాయండి చాలు, విలన్ అని వేరే చెప్పక్కర్లేదు.

నాలుగో భార్య, క్లీవ్స్ నుంచి వచ్చిన ఆన్‌ని మర్చిపోకండి. పెళ్లి రద్దుకి ఒక్క మాట ఎదురు చెప్పకుండా ఒప్పుకుంది, "రాజు చెల్లెలు" అనే హోదాతో పాటు రిచ్‌మండ్, హీవర్ ఆస్తులు పుచ్చుకుంది, 1557 దాకా బతికింది. 1541 జనవరిలో ఆమె హాంప్టన్ కోర్టుకి వచ్చి, ఒకప్పుడు తన దగ్గరే చెలికత్తెగా ఉన్న కేథరిన్ ముందు మోకరిల్లింది. రాజు పడుకోవడానికి వెళ్లాక ఇద్దరూ కలిసి డాన్స్ చేశారు. నేనైతే నవల అక్కడ మొదలుపెడతాను. బతకడం తెలిసిన ఆవిడా, తెలియని పిల్లా, ఒకే గదిలో.

పిల్ల అని ఊరికే అనలేదు. ఆమె పుట్టిన ఏడు ఎక్కడా నమోదు కాలేదు, చనిపోయేనాటికి ఇరవై అటూఇటూ అని అంచనా. అంటే మానక్స్ నాటికి చిన్నపిల్ల. దయచేసి ఆ భాగాన్ని ప్రేమకథలా రాయకండి, చాలామంది అదే చేస్తారు, చదువుతుంటే ఒళ్లు మండుతుంది.

మినుకు:

కథ చెప్పేది జేన్ రాచ్‌ఫోర్డ్ అయితే? ఆన్ బొలిన్ సోదరుడు జార్జి భార్య ఈమె. 1536లో భర్త తల తెగడం చూసిన మనిషి, ఐదేళ్ల తర్వాత మళ్లీ ఇంకో రాణికి రహస్యంగా తలుపులు తీయడం ఏంటి? డబ్బా, ఒంటరితనమా, ఆజ్ఞ కాదనలేకనా? రికార్డులు ఇక్కడ నోరు మెదపవు కాబట్టి కల్పనకి చోటు ఇదే. భర్త మీద తనే సాక్ష్యం చెప్పిందనే ప్రచారం ఉంది, దానికి ఆధారం బలంగా లేదు, అది పట్టుకుని ఆమెని రాక్షసిని చేయొద్దు.

రాత్రిచదువరి:

అందరికీ థాంక్స్ అండీ. చివరి డైలాగు తీసేస్తున్నా. లాసెల్స్ ఇంట్లో కొలువు మాట, హాంప్టన్ కోర్టులో డాన్స్, ఈ రెండూ పక్కపక్కనే పెట్టి మొదలుపెడతా. జేన్ చేత చెప్పించడం టెంప్టింగ్‌గా ఉంది కానీ మతి చలించిన మనిషి గొంతు చివరిదాకా మోయగలనా అని ఆలోచిస్తున్నా. కల్పెపర్‌కి కేథరిన్ స్వయంగా రాసిన ఉత్తరం మిగిలే ఉంది కదా, దాన్ని ఉన్నదున్నట్టు వాడొచ్చా?

చరిత్రపిచ్చి:

వాడండి, అది అసలు కాగితం. చివర్లో "ప్రాణమున్నంత వరకు మీదాన్ని" అన్న అర్థం వచ్చేలా సంతకం పెట్టింది. అలాగే ఆమె పెదనాన్న నార్ఫోక్ డ్యూక్‌కి కనీసం రెండు సీన్లు ఇవ్వండి. ఆన్ బొలిన్‌కి మేనమామ, ఆమె విచారణకి అధ్యక్షత వహించి శిక్ష చదివింది ఆయనే. కేథరిన్ సంగతి బయటపడగానే ఇలాంటి మేనకోడలు, ఇలాంటి తమ్ముడి కూతురు నాకు దొరికారేంటని రాజుకి ఏడుపు ఉత్తరం రాసుకున్నాడు. చివరికి ఆయన మీదా రాజద్రోహం పడింది, 1547 జనవరి 28న రాజు ముందు పోబట్టి ఈయన మెడ మిగిలింది.