పండగ సందట్లో మనసులోది రాసుకోవడం ఎలా?

నాన్న సంవత్సరీకం కార్తీకంలో అయింది. అందుకే ఈ సంక్రాంతికి ఇంట్లో మళ్లీ పిండివంటలు. అరిసెల పాకం నీళ్లలో వేసి ఉండ కట్టిందో లేదో చూసేది నాన్నే. నిన్న ఆయన్ని పిలవబోయి ఆగాను. కాసేపటికి పిల్లల మీద ఊరికే అరిచాను. అది కోపమో, దిగులో తెలీలేదు. రాద్దామని కూర్చుంటే ‘అత్తావాళ్లు వచ్చారు, అరిసెలు కుదిరాయి’ అని పద్దులా వస్తోంది.

అమెరికన్ సైకాలజిస్ట్ జేమ్స్ పెనబేకర్ 1986లో ప్రచురించిన ప్రయోగంలో మనసును బాధపెట్టిన అనుభవాల గురించి వరుసగా 4 రోజులు, రోజుకు 15 నిమిషాలు రాయించారు. భోగి నుంచి ముక్కనుమ దాకా సరిపోతుంది! కానీ చుట్టాలతో నిండిన ఇంట్లో నోట్‌బుక్ ఎవరి కంట పడుతుందోనని టెన్షన్. మీరైతే ఎప్పుడు, ఎక్కడ రాస్తారు? అనిపించిన వెంటనే ఫోన్లో రెండు ముక్కలు రాసుకోవడమా, రాత్రి తీరిగ్గానా? రాశాక దాస్తారా, చించేస్తారా?