కౌన్సిల్ కొలువులో వర్ణవివక్ష: అడగాల్సింది ఊరివాళ్లా, ట్రిబ్యునలా?

తుంగభద్ర (చర్చ మొదలుపెట్టినవారు)

ఇంగ్లండ్ మిడ్‌లాండ్స్‌లో మేముండే ఊళ్లో ఒక పిటిషన్ ఇల్లిల్లూ తిరుగుతోంది. కౌన్సిల్ (ఇక్కడి మునిసిపాలిటీ) చెత్త లారీల డిపోలో నల్లజాతి, ఆసియా కార్మికులను చిన్నచూపు చూస్తున్నారని, ఫిర్యాదు చేసినవారికి షిఫ్టులు మార్చారని, కొందరికి పరిహారం ఇచ్చి ఈ సంగతి బయట మాట్లాడబోమని రాయించుకున్నారని అందులోని ఆరోపణ. పిటిషన్ పెట్టింది కార్మికులు కాదు, ఊరివాళ్లు. గడిచిన అయిదేళ్లలో ఎన్ని ఫిర్యాదులు వచ్చాయో, ఎన్నింటి మీద విచారణ జరిగిందో, ఒప్పందాలకు ఎంత ఖర్చయిందో కౌన్సిల్ నిండు సభలో చెప్పాలంటున్నారు. బాధ్యులైన సూపర్‌వైజర్లను సస్పెండ్ చేయాలని కూడా ఒక వాక్యం ఉంది.

మా తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో దీని మీద పెద్ద రగడ. "వచ్చింది బతకడానికి, మనకెందుకు ఈ తలనొప్పి" అనేవాళ్లే ఎక్కువ. నేను మాత్రం సంతకం పెట్టాను. మా వీధిలోకి వచ్చే లారీలో స్టీరింగ్ పట్టేవాళ్లు ఎప్పుడూ ఒక రంగువాళ్లే, వెనక నిలబడి చక్రాల డబ్బాలు లాగేవాళ్లు ఎప్పుడూ ఇంకో రంగువాళ్లే. దీంతోనే వివక్ష రుజువైపోయిందని అనను. ఎందుకలా ఉందని అడిగితే మాత్రం తప్పేమిటి? ఆ లారీ డీజిలుకూ ఆ సూపర్‌వైజరు జీతానికీ కౌన్సిల్ ట్యాక్స్ (ఇక్కడి ఇంటి పన్ను) కడుతున్నది మనమే. మీరేమంటారు?

లెక్కలమాస్టారు

తుంగభద్ర గారూ, నేను ఒక కౌన్సిల్ ఆర్థిక విభాగంలో చాలాకాలం పనిచేసి రిటైరయ్యాను. మీ కోపం అర్థమవుతోంది. పద్ధతి మాత్రం తప్పు.

పన్ను కట్టేవాడే యజమాని అన్న మాట సభల్లో బాగానే ఉంటుంది. చట్టంలో అలా లేదు. ఇంగ్లండ్‌లో డిప్యూటీ చీఫ్ ఆఫీసర్ (విభాగాధిపతి కింది అధికారి) స్థాయికి దిగువన ఉన్న ఉద్యోగిని నియమించడంలో గానీ తీసేయడంలో గానీ కౌన్సిలర్లు వేలు పెట్టకూడదు. ఆ అధికారం పరిపాలనాధిపతిది. ఎందుకో మనకు ఒకరు చెప్పాలా? ఎన్నికలైన ప్రతిసారీ ఎవరి మనిషికి పోస్టు, ఎవరి మనిషికి ఉద్వాసన అన్న లెక్కలు మన మునిసిపాలిటీల్లో చూసినవాళ్లమే కదా. ఇప్పుడు మీరు అయిదు వందల సంతకాలతో వెళ్లి ఫలానా సూపర్‌వైజరును పంపించేయమంటే, రేపు ఇంకో అయిదు వందల మంది ఇంకో రకం సంతకాలతో వస్తారు. వాళ్లకు నచ్చని ఉద్యోగి మీ రంగువాడే కావచ్చు.

నిజంగా వివక్ష జరిగితే ఉద్యోగికి 2010 నాటి సమానత్వ చట్టం ఉంది, యూనియన్ ఉంది, ఉద్యోగ వివాదాలు తేల్చే ట్రిబ్యునల్ ఉంది.

బ్రిస్టల్ బాబాయి

మాస్టారూ, ఇక్కడొక చరిత్ర ఉంది, కాస్త ఓపిక పట్టండి.

1963లో బ్రిస్టల్ బస్సుల్లో నల్లవాళ్లకు డ్రైవరు, కండక్టరు ఉద్యోగాలు ఇచ్చేవారు కాదు. బస్సులు కడగడానికి, షెడ్డులో పనికి, క్యాంటీనుకు మాత్రం పనికొచ్చేవారు. బ్రిస్టల్ ఆమ్నిబస్ కంపెనీ జాతీయం చేసిన సంస్థ, అందులో నగర కౌన్సిల్‌కూ భాగస్వామ్యం ఉంది. గై బెయిలీ అనే జమైకా కుర్రవాడికి అర్హతలన్నీ ఉన్నాయి, ఇంటర్వ్యూ కూడా ఖరారైంది. మనిషి వెస్టిండియన్ అని తెలియగానే ఇంటర్వ్యూ లేదన్నారు. ఆ ఇంటర్వ్యూ ఏర్పాటు చేసిన యువజన అధికారి పాల్ స్టీఫెన్సన్, ఇంకొందరు కరీబియన్ యువకులు కలిసి ఏప్రిల్ 30 నుంచి బస్సులెక్కవద్దని ఊరికి పిలుపునిచ్చారు. మర్నాడే విశ్వవిద్యాలయం విద్యార్థులు ఊరేగింపు తీశారు. అక్కడి లేబర్ ఎంపీ టోనీ బెన్ మద్దతిచ్చాడు. అప్పటికి ప్రతిపక్ష నాయకుడైన హెరాల్డ్ విల్సన్ మాట్లాడాడు. ట్రినిడాడ్ హైకమిషనర్‌గా ఉన్న మాజీ క్రికెటర్ లియరీ కాన్‌స్టంటైన్ కంపెనీని బాహాటంగా తప్పుపట్టాడు. నాలుగు నెలలకు, ఆగస్టు 28న, కంపెనీ దిగివచ్చి నిషేధం ఎత్తేసింది.

సెప్టెంబరు 17న చేరిన మొదటి శ్వేతేతర కండక్టరు రఘ్‌బీర్ సింగ్, పంజాబీ సిక్కు. వెస్టిండియన్లు మొదలుపెట్టిన పోరాటంలో మొదటి ఉద్యోగం మన దేశస్థుడిది. "మనకెందుకు" అనే మీ వాట్సాప్ గ్రూపుకు ఈ ఒక్క ముక్క పంపండి తుంగభద్ర గారూ.

మౌనమునిగాడు

పంపినా చదవరు. గుడ్ మార్నింగ్ పువ్వు బొమ్మల కింద పడిపోతుంది.

లెక్కలమాస్టారు

బాబాయి గారూ, మీ కథ నాకూ పనికొస్తుంది. మీరు చెప్పనిది నేను చెబుతాను. ఆ నిషేధానికి వెన్నుదన్ను ఎవరు? కార్మికులే. రవాణా కార్మికుల యూనియన్ స్థానిక శాఖ 1955లోనే నల్లవాళ్లను బస్సు సిబ్బందిగా తీసుకోవద్దని తీర్మానించింది. మూల వేతనం తక్కువ, ఓవర్‌టైమ్ మీద ఇల్లు గడిచేది, కొత్తవాళ్లొస్తే అది పోతుందని భయం. యూనియన్ క్షమాపణ చెప్పడానికి 2013 దాకా పట్టింది. అంటే "ప్రజలు" అన్నంత మాత్రాన న్యాయం వైపే ఉంటారని లేదు.

ఇంకో సంగతి. అప్పుడు ఊరు వీధికెక్కింది, ఎందుకంటే వెళ్లడానికి కోర్టు లేదు. 1965లో వచ్చిన జాతి వివక్ష చట్టం కూడా హోటళ్లు, సినిమాహాళ్ల లాంటి చోట్ల వివక్షకే పరిమితం. ఉద్యోగాల్లో వివక్ష నేరుగా చట్టం కిందికి వచ్చింది 1968లో. ఇవాళ చట్టం ఉంది. చట్టం లేనప్పటి ఆయుధం చట్టం ఉన్నప్పుడూ పట్టుకుని తిరిగితే ఎట్లా?

రాత్రి డ్యూటీ

నేను కేర్ హోమ్‌లో పనిచేస్తాను. నడిపేది ప్రైవేటు సంస్థ, అక్కడున్న వృద్ధుల్లో చాలామందికి డబ్బు కట్టేది కౌన్సిల్. ట్రిబ్యునల్ ఉంది కదా అన్న మాస్టారికి నా సంగతి చెప్పాలనిపించింది.

మా రోటా (డ్యూటీల పట్టిక) వంటగది పక్క గోడ మీద అంటిస్తారు. వారాంతపు రాత్రులన్నీ మలయాళీ, నైజీరియా, తెలుగు పేర్లే. అడిగితే "మీరు ఒప్పుకుంటారు కదా" అన్నారు. ఒక పెద్దాయన నా చేయి తగిలితే చాలు, నల్ల చేయి తీయమని అరుస్తాడు. ఆయనకు మతిమరుపు జబ్బు, ఆయన మీద నాకేమీ కోపం లేదు. ఆ మాట ఘటనల పుస్తకంలో రాస్తే మర్నాడు ఆ పేజీ మీద "సిబ్బంది సర్దుకోవాలి" అని మేనేజరు రాశారు. నా బాధ అదీ.

నాది కేర్ వీసా. స్పాన్సర్‌షిప్ (వీసాకు యజమాని పూచీ) పోతే ఇంకో స్పాన్సర్‌ను వెతుక్కోవడానికి సాధారణంగా 60 రోజులు ఇస్తారు. ట్రిబ్యునల్‌కు వెళ్లే గడువు కొద్ది నెలలే. కేసు విచారణకు వచ్చేసరికి నేను హైదరాబాద్‌లో ఉంటాను. తలుపు తెరిచే ఉంది సార్, గడప దాటితే ఇల్లు పోతుంది. కాబట్టి నేను అడగలేను. నా బదులు అడిగేవాళ్లు ఎవరైనా ఉంటే అది ఆ కౌన్సిల్ ట్యాక్స్ కట్టేవాళ్లే.

తుంగభద్ర

అమ్మా, మీరు రాసింది మాస్టారికి నేనివ్వగలిగే జవాబుల కంటే బలమైనది. ఒక్కటి కలుపుతాను. సమానత్వ చట్టంలో 149వ సెక్షన్ కౌన్సిళ్ల మీద వేరే బాధ్యత పెట్టింది, 2011 నుంచి అమల్లో ఉంది. వివక్ష జరిగాక తీర్పుకు తలవంచడంతో సరిపోదు. ప్రతి నిర్ణయంలోనూ వివక్ష తొలగించే అవసరాన్ని లెక్కలోకి తీసుకోవాలి. కేర్ హోమ్ కాంట్రాక్టు ఎవరికివ్వాలన్నదీ అలాంటి నిర్ణయమే. ఆ బాధ్యత ఎలా నెరవేరుస్తున్నారని అడగడం ఒకరి ఉద్యోగం తీయమనడం కాదు.

పలుకుబడి

ఇందాకటి నుంచి చదువుతున్నాను, అందరూ తెల్లవాళ్ల డిపో దగ్గరే ఆగిపోయారు. నాకొక అనుమానం. ఇక్కడున్న వాళ్లలో ఎంతమంది మన ఊళ్లో మునిసిపాలిటీ చెత్త బండి వెనక ఉన్నవాళ్లు ఏ కులం వాళ్లని ఎప్పుడైనా అడిగారు? లారీ ముందు ఎవరు, వెనక ఎవరు అన్న లెక్క అక్కడ ఇంకా తేలిక. పేటలోకి వెళ్లక్కర్లేదు, తెల్లవారుజామున లేచి కిటికీ తీస్తే చాలు.

ఇదే బ్రిటన్‌లో కులాన్ని కూడా జాతి కింద చట్టంలో చేర్చాలని 2013లో పార్లమెంటు ప్రభుత్వానికి చెప్పింది. 2018లో ప్రభుత్వం చేర్చబోమంది, కోర్టు తీర్పులు చాలన్నది. చేర్చవద్దని లేఖలు రాసిన సంఘాల్లో భారతీయులవే ముందు వరస. అప్పుడు ఈ ఊరివాళ్ల హక్కు ఎటు పోయింది?

మౌనమునిగాడు

అయిపోయింది. చర్చ ఇక్కడితో రెండుగా చీలుతుంది చూడండి.

శాంతినగర్

ప్రతి చర్చలోకీ కులాన్ని లాక్కురావడం అలవాటైపోయింది. ఇక్కడ మాట్లాడుతున్నది రంగు గురించి. మీ ఉద్దేశం మనల్ని మనమే తిట్టుకోవాలనా?

బ్రిస్టల్ బాబాయి

శాంతినగర్ గారూ, లాక్కురాలేదు, అది ఉన్నచోటే ఉంది. పలుకుబడి గారి ప్రశ్నలోనే తుంగభద్ర గారి పిటిషన్‌కు ఆధారం కూడా ఉంది. పాకీ పని నిషేధిస్తూ 1993లో చట్టం వచ్చింది. పదేళ్లు గడిచినా రాష్ట్రాలు "మా దగ్గర లేదు" అంటూ వచ్చాయి. బెజవాడ విల్సన్, కోలార్ గనుల దగ్గరి తెలుగు కుటుంబంలో పుట్టినవాడు, సఫాయి కర్మచారీ ఆందోళన్ తరఫున 2003లో సుప్రీంకోర్టుకు వెళ్లాడు. లేదన్న జిల్లాల నుంచే ఫొటోలు, లెక్కలు తెచ్చి కోర్టు ముందు పెట్టారు. 2014 మార్చిలో వచ్చిన తీర్పులో, 1993 నుంచి మురుగు కాలువల్లో చనిపోయిన వాళ్ల కుటుంబాలకు పది లక్షల చొప్పున ఇవ్వాలన్నారు. 2023లో కోర్టే దాన్ని ముప్పై లక్షలు చేసింది.

స్థానిక సంస్థ తనంతట తాను లెక్క చెప్పదు మాస్టారూ. అక్కడా చెప్పలేదు, ఇక్కడా చెప్పదు. బయటివాడు వచ్చి లెక్కపెడతానన్నప్పుడు కదులుతుంది.

లెక్కలమాస్టారు

అది ఒప్పుకోదగిన ఉదాహరణే, కానీ విల్సన్ వెళ్లింది కోర్టుకు. నేనూ అదే అంటున్నాను.

సరే, మీ వైపు వాదన ఒకటి నేనే ఇస్తాను, ఎందుకంటే మీరెవరూ డబ్బు లెక్క సరిగా ఎత్తలేదు. బర్మింగ్‌హామ్ చూడండి. అది రంగు గొడవ కాదు, ఆడవాళ్ల జీతాల గొడవ. చెత్త లారీలవాళ్లు, వీధులూడ్చేవాళ్లు మగవాళ్లు, వాళ్లకు బోనసులు. వంటవాళ్లు, సంరక్షణ చేసేవాళ్లు ఆడవాళ్లు, సమాన స్థాయి పనైనా వాళ్లకు బోనసుల్లేవు. 174 మంది కేసు 2012లో సుప్రీంకోర్టు దాకా వెళ్లి వాళ్లే గెలిచారు. కౌన్సిల్ అప్పటికీ పూర్తిగా దిద్దుకోలేదు. 2023 సెప్టెంబరులో, కొంత ఆ బాకీల వల్లే, సెక్షన్ 114 నోటీసు (ఖర్చులకు సరిపడా డబ్బు లేదన్న ప్రకటన) ఇచ్చి చేతులెత్తేసింది. మరుసటి ఏడు కౌన్సిల్ ట్యాక్స్ దాదాపు పది శాతం, ఆపై ఏడు ఏడున్నర శాతం పెంచారు. గ్రంథాలయాలకు కోత పడింది. ఏళ్ల తరబడి ఆఫీసు గదుల్లో జరిగిన అన్యాయానికి చివరికి జరిమానా కట్టింది ఊరు.

కాబట్టి ఒప్పందాలకు ఎంత ఖర్చవుతోందని అడిగే హక్కు మీకుంది. అది ఆడిట్ ప్రశ్న. ఎవరు తప్పు చేశారన్నది మాత్రం మీ ప్రశ్న కాదు.

రాత్రి డ్యూటీ

ఎవరన్నది నాకూ అక్కర్లేదు సార్. ఆ మేనేజరు కూడా పైనుంచి వచ్చిన మాటే రాసి ఉంటుంది. వారాంతపు రాత్రులు ఎవరికి పడుతున్నాయో లెక్క తీయమనండి చాలు.

శాంతినగర్

నేనైతే సంతకం పెట్టను. మా అబ్బాయి అదే కౌన్సిల్‌లో అప్రెంటిస్. ఏమైనా అనుకోండి.

తుంగభద్ర

ఏమీ అనుకోము. పిటిషన్‌లో పేరు, చిరునామా రెండూ ఉంటాయి, మీ భయం కొట్టిపారేయదగినది కాదు.

పిటిషన్ పెట్టినవాళ్లతో మాట్లాడాను. సస్పెన్షన్ వాక్యం తీసేయడానికి ఒప్పుకున్నారు, అందరూ సంతోషంగా మాత్రం కాదు. "పేరు లేకపోతే పస ఉండదు" అని ఒక పెద్దావిడ లేచి వెళ్లిపోయింది. సభలో పౌరుల ప్రశ్నల సమయంలో చదవడానికి నేను రాసింది ఇది, ముందుగా పంపాలట:

"గడిచిన అయిదేళ్లలో కౌన్సిల్ ఉద్యోగులు, ఏజెన్సీ కార్మికులు జాతి వివక్షపై చేసిన ఫిర్యాదులు విభాగాల వారీగా ఎన్ని? వాటిలో ఎన్ని విచారణకు వచ్చాయి, ఎన్ని గోప్యత షరతుతో ఒప్పందంగా ముగిశాయి, మొత్తం ఖర్చెంత? డిపోలో మేనేజర్లు ఈ వివక్షను ఎందుకు కప్పిపుచ్చుతున్నారు? కౌన్సిల్ డబ్బు కట్టే కేర్ హోమ్‌ల కాంట్రాక్టుల్లో సిబ్బంది మీద వివక్ష గురించి ఏ షరతు ఉంది, దాన్ని ఎవరు తనిఖీ చేస్తారు?"

పలుకుబడి

జాతి వివక్ష అన్నచోట "కుల వివక్షతో సహా" అని చేర్చండి. 2014లో తిర్కీ కేసులో (పనిచోట కుల వివక్ష మీద వేసిన కేసు) ఉద్యోగాల అప్పీలు ట్రిబ్యునల్ కులం కొన్ని సందర్భాల్లో జాతి మూలం కిందికి వస్తుందని చెప్పింది. చేర్చరని తెలుసు, అయినా అడుగుతున్నాను.

తుంగభద్ర

చేరుస్తాను. పిటిషన్ కమిటీలో ఇద్దరు తెలుగువాళ్లు అడ్డుపడతారు, పడనివ్వండి.

లెక్కలమాస్టారు

సంతకం మాత్రం నేనూ పెట్టను. కానీ మూడో వాక్యం తీసేయండి. "ఎందుకు కప్పిపుచ్చుతున్నారు" అని ఉంటే అది ప్రశ్న కాదు, ఆరోపణ అంటూ లీగల్ ఆఫీసర్ మొత్తం వెనక్కి పంపేస్తాడు. అనుబంధ ప్రశ్న ఒకటి అడగనిస్తారేమో ముందే కనుక్కోండి, అనుమతిస్తే ఖర్చు ఏ పద్దు కింద రాస్తున్నారో అడగండి. ఒప్పందాల డబ్బు చాలాసార్లు ఆయా విభాగాల పద్దుల్లో కలిసిపోతుంది, విడిగా కనిపించదు. "వివరాలు విడిగా నమోదు కావు" అంటే అక్కడే నిలబడి, ఇకనుంచి నమోదు చేస్తారా లేదా అని అడగండి. లేదంటే మర్నాడే సమాచార చట్టం కింద దరఖాస్తు పెట్టండి, ఇరవై పనిదినాల్లో జవాబివ్వాలి. సంఖ్య మరీ చిన్నదైతే మనుషులు బయటపడతారంటూ ఆపుతారు. అందుకే విభాగాల వారీగా ఏటికేడు అడక్కండి, అయిదేళ్లూ కలిపి అడగండి.